అంతర్జాల స్వచ్ఛంద సమూహాల్లో స్త్రీలు, వారి సమావేశాలు

జీతభత్యాలు లేకుండా, పై అధికారి ఆజ్ఞ లేకుండా, వేరువేరు ఊళ్లలో, వేరువేరు దేశాల్లో ఉన్నవారు అంతర్జాలం ఆధారంగా ఒకే పనికి పూనుకొని, ఆ పని ఫలితాన్ని లోకానికి ఉచితంగా అందించే సముదాయాలను అంతర్జాల స్వచ్ఛంద సమూహాలు అనవచ్చు. ఎవరైనా రాయడానికీ దిద్దడానికీ వీలున్న విజ్ఞాన సర్వస్వం వికీపీడియా, ఎవరైనా తీసుకొని మార్చుకొని పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, సామాన్య పౌరులే గీసుకుంటున్న ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఈ కోవకు చెందినవి. వీటిలో చేరడానికి ప్రవేశ పరీక్ష గానీ, రుసుము గానీ, పెద్దల సిఫారసు గానీ అవసరం లేదు. మారుపేరుతో పనిచేసే వీలు కూడా ఉంది కాబట్టి, రాస్తున్నది స్త్రీయో పురుషుడో ఎదుటివారికి తెలియవలసిన అవసరమూ లేదు. ఇంతటి స్వేచ్ఛ ఉన్నచోట స్త్రీలూ పురుషులూ ఇంచుమించు సమానంగా కనిపించాలి. కనిపించడం లేదు. దీనికి కారణాలు తెర మీద జరిగే పనిలో కొన్ని ఉంటే, ఆ పని చేసేవారు ఒకచోట కూడి ఎదురెదురుగా కూర్చునే సమావేశాల తీరులో మరికొన్ని ఉన్నాయి. స్త్రీల వాటా పెరిగిన చోట్లను పరిశీలిస్తే, అది పెరగడానికి దారి వేసినవి కూడా చాలావరకు అటువంటి సమావేశాలే.

వికీపీడియా 2001 జనవరిలో ఆంగ్లంలో మొదలైంది. ఏడేళ్ల తరువాత, 2008లో, ఐక్యరాజ్య సమితి విశ్వవిద్యాలయానికి చెందిన నెదర్లాండ్స్ పరిశోధన సంస్థ ఒకటి వికీపీడియా పాఠకులనూ రచయితలనూ సర్వే చేసినప్పుడు, రాసేవారిలో స్త్రీలు దాదాపు 13 శాతమే అని తేలింది. సర్వేలకు జవాబు చెప్పడంలో స్త్రీలు వెనుకాడే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకొని, బెంజమిన్ మాకో హిల్, ఆరన్ షా అనే పరిశోధకులు 2013లో ఆ అంకెను సవరించగా అది 16 శాతం దగ్గరికి వచ్చింది. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2011లో స్వయంగా జరిపిన సర్వేలో మాత్రం 9 శాతం దగ్గరే ఆగిపోయింది. ఏ లెక్కను ప్రమాణంగా తీసుకున్నా స్త్రీల వాటా అయిదో వంతుకు చేరలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రంగంలో పరిస్థితి ఇంకా దిగువన ఉంది: ఐరోపా సంఘం నిధులతో జరిగి 2006లో వెలువడిన ఒక అధ్యయనం, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో జీతానికి పనిచేసేవారిలో స్త్రీలు 28 శాతం దాకా ఉండగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమూహాల్లో ఒకటిన్నర శాతమే ఉన్నారని చూపింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారికి, స్త్రీలకు కంప్యూటర్లంటే ఆసక్తి లేదనే వాదం ఎంత బలహీనమో వెంటనే అర్థమవుతుంది. అదే చదువు, అదే నైపుణ్యం ఉన్న స్త్రీలు జీతమిచ్చే చోట ఉన్నారు, జీతం లేని చోట లేరు.

ఆ 2006వ సంవత్సరంలోనే జరిగిన మరొక సంగతి ఇంతకంటే స్పష్టమైనది. లినక్స్ కంప్యూటర్లలో తెర మీద కనిపించే కిటికీలనూ మెనూలనూ సమకూర్చే గ్నోమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమూహం, ఆ వేసవిలో విద్యార్థులకు భృతి ఇచ్చి పని నేర్పడానికి గూగుల్ నడిపే పథకం కింద దరఖాస్తులు కోరింది. 181 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో స్త్రీల నుంచి వచ్చినది ఒక్కటీ లేదు. సమూహంలోని కొందరు ఈ లోటును గమనించి, అదే పనికి, స్త్రీలను ప్రత్యేకంగా పేరు పెట్టి పిలుస్తూ మరొక చిన్న పథకం ప్రకటించారు. వందకు పైగా దరఖాస్తులు వచ్చాయి. రెండు ప్రకటనలకూ మధ్య గడిచిన కాలం స్వల్పం, పని స్వభావంలో మార్పు లేదు, మారినదల్లా పిలుపు. మొదటి ప్రకటనను చదివిన స్త్రీలు అది తమను ఉద్దేశించినది కాదనుకున్నారు, రెండోది తమదే అనుకున్నారు. ఈ ప్రయత్నాన్ని 2010లో మరీనా జురాఖిన్‌స్కయా మళ్లీ చేపట్టి విస్తరించగా, అది 2015 నుంచి అవుట్‌రీచీ అనే పేరుతో గ్నోమ్ పరిధిని దాటి అనేక సమూహాలకు కొత్తవారిని అందిస్తున్నది.

స్త్రీలే తొలి నుంచీ నిలబెట్టుకున్న సమూహాల సంగతి చూస్తే ఈ వాదం మరింత బలపడుతుంది. నవలలూ సినిమాలూ ఇష్టపడినవారు ఆ పాత్రలతో అల్లుకునే కథలను భద్రపరచడానికి 2009లో తెరుచుకున్న ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే భాండాగారానికి ప్రోగ్రాములు రాసిన ఇరవైమందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలందరూ ఆనాటికి స్త్రీలే. డ్రీమ్‌విడ్త్ అనే మరొక సమూహంలో ప్రోగ్రాములు రాసేవారు నలభైమంది కాగా, వారిలో నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలు. ఈ రెంటినీ ఉదాహరణలుగా చూపుతూ కిరిలీ రాబర్ట్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ 2009లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రంగపు పెద్ద సభ ఒకదానిలో ప్రధానోపన్యాసం చేశారు. ఆ సమూహాల్లో చేరిన స్త్రీలలో చాలామంది అంతకుముందు ఒక్క వరుస ప్రోగ్రామైనా రాసి ఎరుగరు. పని తెలియనివారిని చిన్నచూపు చూడకుండా పక్కన కూర్చోబెట్టుకొని నేర్పే పద్ధతి అక్కడ ఉండడం వల్లనే వారు నిలబడ్డారు.

వికీమీడియా ఫౌండేషన్ కార్యనిర్వాహక సంచాలకురాలిగా ఉన్న స్యూ గార్డ్‌నర్ 2011లో ఈ సమస్యను బహిరంగ చర్చకు పెట్టి, స్త్రీల వాటాను 2015 నాటికి 25 శాతానికి చేర్చాలని లక్ష్యం నిర్ణయించారు. స్త్రీలు తాము వికీపీడియాలో ఎందుకు రాయడం లేదో స్వయంగా చెప్పిన మాటలను సేకరించి ఆమె తొమ్మిది కారణాలుగా కూర్చారు. రాసే పద్ధతి కష్టంగా ఉండడం, తీరిక లేకపోవడం, తమ పరిజ్ఞానం మీద తమకే నమ్మకం చాలకపోవడం, వాదోపవాదాలంటే విముఖత, రాసినదాన్ని ఇతరులు రద్దు చేయడం, స్త్రీలను కించపరిచే వాతావరణం మొదలైనవి వాటిలో ఉన్నాయి. చివరి కారణం స్నేహానికీ ఆదరణకూ సంబంధించినది: పలకరింపు, పరిచయం, కలిసి పనిచేస్తున్నామన్న భావన ఇతర చోట్ల దొరికినంతగా ఇక్కడ దొరకడం లేదని ఆ స్త్రీలు చెప్పారు. చర్చల్లో ఈ చివరి కారణానికి దక్కిన చోటు తక్కువ. నిజానికి మిగిలిన వాటిలో సగం దానితో ముడిపడి ఉన్నవే. రాసినది రద్దయినప్పుడు, అడగడానికి పరిచయమున్న మనిషి ఒకరుంటే అది పాఠమవుతుంది, లేకపోతే అవమానమవుతుంది. లక్ష్యం మాత్రం నెరవేరలేదు; 2014లో వికీపీడియా సహవ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ ఈ విషయంలో పూర్తిగా విఫలమయ్యామని ఒప్పుకున్నారు.

తీరిక లేకపోవడం అనే కారణాన్ని భారతదేశానికి అన్వయిస్తే దాని బరువు తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ గణాంక విభాగం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి అందులో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుండగా పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024లో మళ్లీ లెక్కించినప్పుడు ఆ అంకెలు 289, 88గా ఉన్నాయి. అంటే స్త్రీ రోజులో దాదాపు అయిదు గంటలు అప్పటికే స్వచ్ఛంద సేవ చేస్తున్నది; సమాజం దానిని సేవగా లెక్కించదు, అంతే తేడా. ఇక 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఒక్కసారైనా అంతర్జాలం వాడామని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం, పురుషులు ఆ రాష్ట్రాల్లో వరుసగా 48.8, 57.4 శాతం. ఆ తరువాత చేతి ఫోన్లు ఇంటింటికీ చేరాయి గానీ, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటుందన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఈ పరిస్థితుల్లో స్త్రీలను చేర్చుకోవడానికి స్వచ్ఛంద సమూహాలు ఎక్కువగా ఆశ్రయించిన మార్గం ఎడిటథాన్. కొందరు ఒక గదిలో కూడి, ఒక అంశం మీద, నిర్ణీత సమయంలో వికీపీడియా వ్యాసాలు రాయడాన్నీ దిద్దడాన్నీ ఎడిటథాన్ అంటారు. స్త్రీలకు సంబంధించిన ఎడిటథాన్లలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది ‘ఆర్ట్+ఫెమినిజం’. వికీపీడియాలో అమెరికా నవలా రచయితల వర్గం నుంచి రచయిత్రుల పేర్లను ఒక్కొక్కటిగా తీసి వేరే ఉపవర్గంలో పెడుతున్నారని 2013లో ఒక రచయిత్రి పత్రికాముఖంగా ఎత్తిచూపినప్పుడు, నవలా రచయితలంటే పురుషులే అన్నట్టు ఆ జాబితా తయారవుతున్నదని పెద్ద దుమారం లేచింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 1న, ఆర్ట్+ఫెమినిజం పేరుతో, కళారంగంలోని స్త్రీల గురించి వ్యాసాలు రాయడానికి న్యూయార్క్‌లోనూ మరో ముప్ఫై చోట్లా ఒకేరోజు సుమారు 600 మంది సమావేశమయ్యారు. తరువాతి సంవత్సరాల్లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల ఈ సమావేశానికి వేదికైంది. వచ్చిన తల్లులు నిశ్చింతగా పని చేసుకోవడానికి పిల్లలను చూసుకునే ఏర్పాటు అక్కడ ఉండేది. ఇది చిన్న ఏర్పాటుగా కనిపించవచ్చు గానీ, ఆదివారం మధ్యాహ్నం సమావేశానికి రాగలిగే తల్లికీ రాలేకపోయే తల్లికీ మధ్య తేడా తరచు అదే.

తెలుగు ప్రాంతంలోని ఒక మహిళా కళాశాలలో జరిగే ఎడిటథాన్‌ను దగ్గరగా చూస్తే ఈ పనిలోని బరువూ తేలికా తెలుస్తాయి. కంప్యూటర్ల గదిలో ముప్ఫైమంది విద్యార్థినులు కూర్చుంటారు. మొదటి పని ప్రతి ఒక్కరూ సభ్యనామం ఎంచుకొని ఖాతా తెరవడం. ఆరుగురికి ఖాతాలు వస్తాయి. ఏడో అమ్మాయికి రాదు. ఒకే అంతర్జాల చిరునామా నుంచి ఒక రోజులో ఆరు ఖాతాలకు మించి తెరవనీయకుండా, అల్లరి మూకలను అడ్డుకోవడానికి వికీపీడియాలో పెట్టిన నియమం అందుకు కారణం. కళాశాలలోని కంప్యూటర్లన్నీ బయటి ప్రపంచానికి ఒకే చిరునామాగా కనిపిస్తాయి కాబట్టి ఆ నియమం విద్యార్థినుల మీద పడుతుంది. అనుభవమున్న నిర్వాహకులు సడలింపు కోసం ముందే విజ్ఞప్తి చేసి ఉంటారు. లేనిచోట మిగిలిన ఇరవైనలుగురూ ఫోన్లలోని ఇంటర్నెట్‌తో తంటాలు పడుతుండగా మొదటి గంట గడిచిపోతుంది. తరువాతది తెలుగులో టైపు చేయడం. ఆంగ్ల అక్షరాలతో ఉచ్చారణను బట్టి కొడితే తెలుగు పడే లిప్యంతరీకరణ పద్ధతీ, ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతీ వికీపీడియాలోనే ఉన్నాయి. ఫోనులో తెలుగు చకచకా రాయగలిగినా కంప్యూటర్ మీటల ముందు తడబడే విద్యార్థినికి, వెనుక నిలబడి ఒత్తులెలా వస్తాయో చూపే మనిషి కావాలి. ఒక స్వాతంత్ర్య సమరయోధురాలి మీద నాలుగు వాక్యాలు రాసి, వాటికి ఒక పుస్తకం పేరూ పుట సంఖ్యా ఆధారంగా చేర్చి, ప్రచురించు అనే మీట నొక్కిన తరువాత, ఆ వాక్యాలు లోకానికంతటికీ కనిపిస్తున్నాయని గ్రహించిన క్షణంలో ఆ విద్యార్థినికి కలిగే ఆనందం ఏ శిక్షణ తరగతిలోనూ దొరికేది కాదు.

అసలు పరీక్ష ఆ మరుసటి వారం మొదలవుతుంది. ఆ నాలుగు వాక్యాల వ్యాసాన్ని ఎక్కడో ఉన్న మరొక సభ్యుడు చూసి, ఆధారాలు చాలవనో, ఇంత చిన్నది ఉంచదగదనో తొలగింపు మూస పెడతాడు. మూస అంటే వ్యాసం పైన అతికించే సూచన పలక. నియమం ప్రకారం అతడు చేసినది తప్పు కాకపోవచ్చు. ఆ అమ్మాయి మాత్రం తన ఇంట్లో ఒంటరిగా ఆ పలకను చదువుకుంటుంది. గదిలో పక్కన నిలబడి ఒత్తులు చూపిన మనిషి ఇప్పుడు అక్కడ లేరు. ఎడిటథాన్లలో ఖాతా తెరిచిన కొత్తవారిలో అత్యధికులు కొద్ది వారాల్లో కనుమరుగు కావడానికి మూలం ఇక్కడ ఉంది. ఎందరు వచ్చారు, ఎన్ని వ్యాసాలు పుట్టాయి అన్న అంకెలతో నివేదికలు నిండుతున్నాయి. నిర్వాహకులు ఫొటోలు పెడతారు, నిధులిచ్చినవారు తృప్తి పడతారు. మూడు నెలల తరువాత ఎందరు మిగిలారో లెక్కించని సమావేశాన్ని విజయవంతమైనదని చెప్పడం సరికాదు. ఒక్కరోజు ముప్ఫైమందితో జరిపే హడావుడి కంటే, అదే గదిలో నెలకొకసారి అయిదుగురితో జరిపే కూడిక ఎక్కువ ఫలితమిస్తుంది, ఎందుకంటే తొలగింపు మూస చూసిన అమ్మాయికి వచ్చే నెల అడగడానికి ఒక చోటుందన్న ధైర్యం ఉంటుంది.

తొలగింపు భయం ఊహాజనితం కాదు. కెనడా భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్‌కు 2018 అక్టోబరు 2న నోబెల్ బహుమతి ప్రకటించే సమయానికి ఆంగ్ల వికీపీడియాలో ఆమె మీద వ్యాసం లేదు. భౌతిక శాస్త్రంలో 55 ఏళ్ల తరువాత ఆ బహుమతి అందుకున్న స్త్రీ ఆమె. అదే సంవత్సరం మే నెలలో ఎవరో రాసి సమర్పించిన చిత్తుప్రతిని, ఆమె ప్రాముఖ్యాన్ని నిరూపించే స్వతంత్ర ఆధారాలు లేవన్న కారణంతో తిరస్కరించారు. స్త్రీల జీవిత చరిత్రలు మొత్తం జీవిత చరిత్రల్లో ఎంత భాగమో, తొలగింపుకు ప్రతిపాదించే వాటిలో అంతకంటే పెద్ద భాగంగా ఉంటున్నాయని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఫ్రాన్సెస్కా ట్రిపోడీ 2021లో తన పరిశోధనలో చూపారు. స్త్రీల జీవిత చరిత్రల లోటును పూరించడానికి అంతకుముందే, 2015లో మెక్సికో నగరంలో జరిగిన వికీమేనియాలో, అంటే వికీపీడియా రచయితల అంతర్జాతీయ వార్షిక సభలో, రోజర్ బాంకిన్, రోజీ స్టీఫెన్‌సన్-గుడ్‌నైట్ ‘విమెన్ ఇన్ రెడ్’ అనే ప్రయత్నాన్ని ముందుకు తెచ్చారు. వికీపీడియాలో వ్యాసం లేని పేరుకు ఇచ్చిన లింకు ఎర్రగా కనిపిస్తుంది, వ్యాసం రాగానే నీలంగా మారుతుంది; ఆ ఎర్ర లింకుల్లోని స్త్రీల పేర్లను నీలంగా మార్చడమే ఈ సమూహం పని. అప్పటికి ఆంగ్ల వికీపీడియా జీవిత చరిత్రల్లో స్త్రీలవి 15 శాతం చుట్టూ ఉండగా, పదేళ్లలో 20 శాతానికి చేరాయి. అయిదు శాతమే కదా అనిపించవచ్చు గానీ, ఇరవై లక్షల జీవిత చరిత్రలున్న చోట ఆ అయిదు శాతం వెనుక వేలమంది సాయంత్రాల శ్రమ ఉంది.

పెద్ద సభల విషయానికి వస్తే, వికీమేనియా 2005లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలై దాదాపు ఏటా ఒక నగరంలో జరుగుతున్నది. 2006 సభకు వచ్చిన స్త్రీలు, వందలమంది పురుషుల మధ్య తాము ఎంత కొద్దిమందిమో గమనించుకొని, తమలో తాము మాట్లాడుకోవడానికి ‘వికీచిక్స్’ అనే బృందంగా ఏర్పడ్డారు. ఆ తరువాతి సభల్లో స్త్రీలు కలిసి మధ్యాహ్న భోజనం చేయడం ఒక ఆనవాయితీగా మారింది. బల్ల చుట్టూ కూర్చొని అన్నం తినే గంటసేపట్లో, ఎవరికి వారు తమ ఒక్కరికే జరిగిందనుకున్న అవమానం మరొక దేశపు స్త్రీకీ అలాగే జరిగిందని తెలుసుకున్నప్పుడు, అది వ్యక్తిగత దౌర్బల్యం కాదు, వ్యవస్థలోని లోపం అని తేటపడుతుంది. స్త్రీలకు విడిగా సమావేశం ఎందుకు, అది వేర్పాటు కాదా అని అడిగేవారు ప్రతి సమూహంలోనూ ఉన్నారు. సమూహంలో పదిమందిలో ఒకరుగా ఉన్నవారికి, మరో తొమ్మిదిమంది తమవంటివారిని ఒకేసారి చూడడం వల్ల కలిగే బలం ఆ ప్రశ్నకు తగిన సమాధానం. ఈ అవసరం నుంచే ‘వికీవిమెన్ క్యాంప్’ పుట్టింది. మొదటిది 2012 మే నెలలో బ్యూనస్ ఐరిస్‌లో, రెండోది 2017లో మెక్సికో నగరంలో, మూడోది 2023 అక్టోబరులో న్యూఢిల్లీలో జరిగాయి. భారతదేశపు స్త్రీలకు ఆ మూడో సమావేశం ప్రత్యేకమైనది, ఎందుకంటే విదేశీ సభలకు వెళ్లడానికి స్కాలర్‌షిప్ వచ్చినా, వీసా కోసం జీతం చీటీ, బ్యాంకు ఖాతా నిల్వ చూపవలసివచ్చినప్పుడు గృహిణి అయిన రచయిత్రి దగ్గర ఆ కాగితాలు ఉండవు.

సభలకు వచ్చే స్త్రీల భద్రత గురించి ఆలస్యంగానైనా నియమాలు వచ్చాయి. 2010లో ఒక సాఫ్ట్‌వేర్ సభలో లైంగిక దాడికి గురైన ఒక స్త్రీ ఆ సంగతిని బహిరంగంగా వెల్లడించిన తరువాత, వాలెరీ అరోరా తదితరులు సభల నిర్వాహకులు ఎవరైనా స్వీకరించడానికి వీలైన వేధింపుల నిరోధక నియమావళిని రూపొందించారు. వేధింపు అంటే ఏమిటి, ఎవరికి ఫిర్యాదు చేయాలి, నిర్వాహకులు ఏ చర్య తీసుకుంటారు అనే మూడు విషయాలను ముందే రాసి ప్రకటించడం దాని సారం. వారు 2011లో స్థాపించిన ఏడా ఇనీషియేటివ్ సంస్థ 2015లో మూతపడే నాటికి ఈ ఆచారం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సభల్లో బాగా వ్యాపించింది. వికీమీడియా ఫౌండేషన్ తన ప్రాజెక్టులన్నిటికీ, సమావేశాలన్నిటికీ వర్తించే సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని 2021లో ప్రకటించింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవారి అమెరికా వార్షిక సభ అయిన పైకాన్‌లో ఇటువంటి నియమావళీ, పిల్లల సంరక్షణా, పైలేడీస్ అనే స్త్రీల బృందాల ప్రోత్సాహమూ కలిసి పనిచేయగా, 2011లో ఒక శాతంగా ఉన్న మహిళా వక్తలు 2014 నాటికి మూడో వంతు అయ్యారు. మూడేళ్లలో స్త్రీలకు కొత్తగా మాట్లాడడం వచ్చిందని ఎవరూ అనరు. నిర్వాహకులు వారిని వెతికి, వ్యక్తిగతంగా రాసి, ప్రసంగ ప్రతిపాదన ఎలా పంపాలో చెప్పారు.

తెలుగువారికి ఈ విషయంలో ఒక పూర్వ చరిత్ర ఉంది. తెలుగులో విజ్ఞాన సర్వస్వ నిర్మాణానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు పేరు విద్యావంతులందరికీ తెలుసు. ఆయన అక్క భండారు అచ్చమాంబ బడికి వెళ్లి చదువుకోలేదు. చిన్ననాడే పెళ్లయి, ఇంట్లో తమ్ముడి తోడ్పాటుతో తెలుగు, హిందీ నేర్చుకొని, దేశంలోని స్త్రీల జీవిత చరిత్రలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా 1901లో వెలువరించారు. ఆమె అంతటితో ఆగక, 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజాన్ని స్థాపించారు. 1905లో ముప్ఫై ఏళ్ల వయసులోనే ఆమె మరణించారు. స్త్రీల చరిత్ర రాయడమూ, స్త్రీలను ఒకచోట కూర్చడమూ ఒకే మనిషి చేతుల్లో ఒకే కాలంలో జరగడం యాదృచ్ఛికం కాదు. చదివేవారూ చెప్పేవారూ లేకుండా రాత నిలబడదని ఆమె ఎరుగుదురు. ఎర్ర లింకులను నీలంగా మార్చే నేటి స్త్రీలు ఆమె పనికి వారసులు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై, ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలతో ఉంది. దశాబ్ది ఉత్సవం 2014 ఫిబ్రవరిలో విజయవాడలో, ఇరవై ఏళ్ల ఉత్సవం 2024 జనవరిలో విశాఖపట్నంలో జరిగాయి. దేశవ్యాప్త సభ అయిన వికీకాన్ఫరెన్స్ ఇండియాకు 2023 ఏప్రిల్‌లో హైదరాబాదు ఆతిథ్యమిచ్చింది. ఆరంభం నుంచీ తెలుగు వికీపీడియాలో వేల దిద్దుబాట్లు చేసిన స్త్రీలు ఉన్నారు, ఆ పని వెలకట్టలేనిది. అయినా నిత్యం రాసేవారి వరుసలో వారు కొద్దిమందే. తెలుగులో మరొక ఇబ్బంది కూడా ఉంది. ఒకే రచయిత్రి పుట్టింటి ఇంటిపేరుతో ఒక పత్రికలో, అత్తింటి ఇంటిపేరుతో మరొక పత్రికలో, పొడి అక్షరాలతో ఇంకొక పత్రికలో కనిపిస్తే, ముగ్గురూ ఒకరే అని నిరూపించడానికి ఆధారం దొరకదు. వార్తాపత్రికల్లో ఫలానావారి సతీమణి అని మాత్రమే పడిన స్త్రీకి అసలు పేరే దొరకదు. ఇటువంటి చిక్కులు విప్పగలవారు బంధువులు, శిష్యురాళ్లు, పాత గ్రంథాలయాల ఉద్యోగులు. వారందరూ తెర ముందు దొరకరు, సమావేశానికి పిలిస్తే వస్తారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం కార్యకర్తలు ఊరూరా తిరిగి, ఎదురుగా కూర్చొని విని, ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో 1986లో ప్రచురించకపోయి ఉంటే, ఈనాడు ఆ స్త్రీల మీద వ్యాసం రాయబోయేవారికి చూపడానికి పుట సంఖ్య కూడా ఉండేది కాదు.

కూర్చొని మాట్లాడుకోవడం, తీర్మానం రాసుకోవడం, లెక్క అప్పగించడం తెలుగు పల్లెల స్త్రీలకు కొత్త విద్యలు కావు. పొదుపు సంఘాల్లో లక్షలమంది స్త్రీలు ఆ పని క్రమం తప్పకుండా చేస్తున్నారు. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిపూట కూడిన స్త్రీల నుంచే సారా వ్యతిరేకోద్యమం లేచింది. అంతర్జాల సమూహాలు ఈ స్త్రీల దగ్గరికి వెళ్లలేదు. కళాశాలల కంప్యూటర్ గదుల దగ్గరే ఆగిపోయాయి. ఊరి చెరువు, గుడి, జాతర, పంట, వంట, పాట గురించి ఆ స్త్రీలకు తెలిసినది ఏ విజ్ఞాన సర్వస్వంలోనూ లేదు. టైపు చేయగల యువతీ, సంగతి తెలిసిన పెద్దావిడా ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, ఫొటోలు తీసి, పాటలు రికార్డు చేసి ఉచిత లైసెన్సుతో భద్రపరచవచ్చు. వ్యాసానికి కావలసిన అచ్చు ఆధారం ఎక్కడుందో వెతకడం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

అందువల్ల మహిళా కళాశాలల అధ్యాపకులకు, జిల్లా గ్రంథాలయాల అధికారులకు, మహిళా సంఘాల బాధ్యులకు ఒక విన్నపం. నెలకొక మధ్యాహ్నం, భోజనాల తరువాత, పిల్లలు బడి నుంచి ఇంటికి రాకముందు, బస్సు దొరికే చోట, ఇంటర్నెట్ ఉన్న ఒక గదిని స్త్రీల కోసం తెరిచి ఉంచండి. ఏటా ఒక్కసారి, మహిళా దినోత్సవమైన మార్చి 8న మాత్రమే కాకుండా ప్రతి నెలా అదే వారం, అదే గది కావాలి. చిన్నపిల్లలతో వచ్చేవారికి ఒక చాప, ఒక ఆయా ఉండేలా చూడండి. తెలుగు వికీపీడియాలో అనుభవమున్నవారిని పిలిస్తే వచ్చి నేర్పుతారు. ఇళ్లలో హిందూసుందరి, గృహలక్ష్మి పత్రికల పాత సంచికలూ, అమ్మమ్మల ఉత్తరాలూ, మహిళా సమాజాల నివేదికలూ ఉన్నవారు వాటిని పాతకాగితాల వాడికి వేయకుండా ఆ గదికి తీసుకురండి. వాటిలో ఒక్కొక్క పుట ఒక స్త్రీ పేరు మీది ఎర్ర లింకును నీలంగా మార్చడానికి సరిపోవచ్చు.